రెండో కూత దాకా బిగబట్టిన కాలనీ

నా ఉద్యోగంలో నేను విన్న రోగాలన్నిట్లో పెద్ద రోగం పేరు "గట్లనే". ఏ పుస్తకంలోనూ లేదు. ఫిజియోథెరపీ చదివి ఇప్పుడిప్పుడే తెల్లకోటు తొడుక్కుంటున్న పిల్లలూ, మీరు ఎంత వెతికినా దొరకదు. కానీ రేపో ఎల్లుండో మీ గదిలోకి ఒక ఆడమనిషి వస్తది. తలుపు వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి చూసి, మీ చెవి దాకా వంగి ఆ మాట అంటది. అప్పుడు మీరు తెల్లమొహం వెయ్యొద్దని ఇది రాస్తున్న.

నేను పనిచేసింది గోదావరి ఒడ్డున ఒక బొగ్గుబాయిల ఊళ్లో. కరీంనగర్ నుంచి బస్సెక్కితే, కిటికీ పక్కన కూర్చున్న మనిషి చొక్కా రంగు మారేసరికి ఆ ఊరు వచ్చినట్టు లెక్క. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. వాళ్లకు ఇబ్బంది అవుతదని కాదు. చెప్పకపోతే ప్రతి కాలనీ వాళ్లూ ఇది తమ కథే అనుకుంటరు, నాకు చదివేవాళ్లు పెరుగుతరు.

ఆసుపత్రిలో నా గది ఎక్స్‌రే గదికీ చెప్పుల స్టాండుకూ మధ్య ఉండె. దాన్ని బట్టి మా శాఖ ఎంత ముఖ్యమైందో మీకు అర్థమై ఉంటది. లోపల మైనం కరిగించే డబ్బా, కరెంటు పెట్టే పెట్టె, నడక నేర్పడానికి రెండు కడ్డీలు. కడ్డీల మీద ఎక్కువ కాలం నడిచినవి మా ఆయమ్మ ఆరేసిన తువ్వాళ్లే. చాలా ఏండ్లు నా పని ఒకటే: బాయి దిగి దిగి వంగిన నడుములకు వేడి పెట్టుడు. వేడి తగలంగనే వాళ్లు గుర్రు పెట్టేటోళ్లు. నా వైద్యం మీద వాళ్లకు మంచి గురి ఉండె.

ఆయమ్మ గురించి కూడా చెప్పాలి. ఊరంతా ఆమెను ఖాలా, అంటే చిన్నమ్మ, అని పిలిచేది. తెలుగులో మొదలుపెట్టి దక్కనీలో తిట్టి మళ్లీ తెలుగులో ముగించేది. ఆమె జ్ఞాపకశక్తి ఒక వింత. ఏ సంగతైనా చెప్పి "ఎవ్వరికీ చెప్పొద్దు" అంటే చాలు, పొద్దుగూకేలోపు క్వార్టర్లన్నిట్లో తెలిసేది. ఆ మాట అనకపోతే మాత్రం సంగతిని ఆమె అక్కడనే మర్చిపోయేది. ఇది గుర్తు పెట్టుకోండి. నేను సమయానికి గుర్తు పెట్టుకోలే.

ఒకసారి హైదరాబాద్‌లో ఏదో శిక్షణ ఉన్నదని మా సూపరింటెండెంట్ సారుకు కాయితం వచ్చింది. ఆ టైంలో సారు ఎదురుంగ నేను ఒక్కదాన్నే ఉన్న. అర్హత అంటే అదే. పోయిన. అద్దాల గది, మెరిసే చెక్క నేల. అగరుబత్తి అంత సన్నని అమ్మాయి మాకు పైలేట్స్ అనే కసరత్తు నేర్పింది. కాన్పుల తర్వాత, వయసు మీద పడ్డంక, ఆడవాళ్ల పొత్తికడుపు అడుగున ఊయల లెక్క ఉండే కండరాలు పట్టు తప్పుతయి. దగ్గినా, తుమ్మినా, నవ్వినా, బరువెత్తినా ఒంటికి ఆగదు. ఆ ఊయలకు ఊపిరితో పని చెప్పుడు ఈ విద్యలో ఒక ముచ్చట. ఊపిరి వదులుతూ అడుగును పైకి తీసుకోవాలి. ఊపిరి పీలుస్తూ మెల్లగ వదలాలి. ఇంతే.

ఇంతే అని నేను కూడా అనుకున్న.

వచ్చేటప్పుడు చాపల లాంటి పరుపులు, ఒక పెద్ద గాలి బంతి తెచ్చిన. సారు తనిఖీకి వచ్చి, కుర్చీ కనపడక ఆ బంతి మీద కూర్చున్నరు. కూర్చున్నప్పుడు మాకు కనిపించిండ్రు. తర్వాత కాసేపు కనిపించలే. గోడ మూల నుంచి లేచి, ప్యాంటు దులుపుకొని, "బాగుంది, నడిపించండి" అని పోయిండ్రు. మళ్లీ ఎన్నడూ మా గదికి తనిఖీకి రాలే. ఆ బంతి మాకు చేసిన మొదటి మేలు అది.

ఇగ అసలు మనిషి దగ్గరికి వస్త. ఆమె ఒక బాయి కార్మికుని భార్య. పేరు చెప్పనన్న కదా, తాడక్క అంట. ఎందుకో మీకే తెలుస్తది. గ్యాస్ సిలిండర్‌ను భుజాన వేసుకొని పై అంతస్తుకు ఎక్కే మనిషి. ఒకనాడు తలుపు సందులోంచి చూసి, గదిలో ఎవ్వరూ లేరని ఖాయం చేసుకొని లోపలికి వచ్చింది.

"ఏమైంది అక్కా?"

"నడుం నొప్పి."

"ఎక్కడ?"

ఆమె చెయ్యి లేపింది. ఎక్కడ పెడితే నేను నమ్ముతనో తెలియక భుజం మీద పెట్టింది.

"అది భుజం అక్కా."

"ఆడికెల్లే దిగుతది."

నేను కుర్చీ జరిపి దగ్గర కూర్చున్న. ఆమె కిటికీ చూసింది, తలుపు చూసింది.

"దగ్గితె గట్లయితది మేడం."

"ఎట్లయితది?"

"గట్లనే."

"నవ్వితే?"

"గట్లనే."

"బరువెత్తితే?"

"మరీ గట్లనే."

కిటికీ అవతల తువ్వాళ్లు పిండుతున్న ఖాలా ఇక ఆగలేకపోయింది. "ఒంటికి ఆగుతలేదంటున్నది మేడం. గంత చదువు చదివినవ్, గింత సమజ్ గాదా?"

తాడక్క కొంగు నోట్లో కుక్కుకున్నది. నవ్వు వస్తున్నది. నవ్వితే గట్లయితది. నవ్వు ఆపుకునేందుకు ఆమె పడ్డ కష్టం చూసినంక నాకు ఇంకే పరీక్షా అక్కర్లేకపోయింది. అయినా పద్ధతి పద్ధతే కనుక గైనిక్ మేడం దగ్గరికి పంపిన. ఆమె చూసి, ఆపరేషన్ అవసరం లేదు, కండరాలకు పని చెప్పు అని తిరిగి నా దగ్గరికే పంపింది.

అప్పుడు బయటపడ్డది అసలు బాధ.

మా ఊళ్లో ఏడాదికోసారి కాలనీ ఆడోళ్లకు ఆటల పోటీలు పెట్టేది. ముగ్గులు, కుర్చీలాట, చెంచాల నిమ్మకాయ అన్నీ ఉంటయి కానీ జనం వచ్చేది తాడు గుంజుడుకే. ఫైనల్‌లో ఎప్పుడూ అవే రెండు జట్లు: క్వార్టర్ల ఆడోళ్లు, ఆఫీసర్ల బంగ్లాల ఆడోళ్లు. బంగ్లాలోళ్లకు జిమ్ ఉన్నది, ఒకే రంగు టీషర్టులు ఉన్నయి. క్వార్టర్లోళ్లకు తాడక్క ఉన్నది. తాడు కొసను నడుముకు చుట్టుకొని ఆమె వెనుక నిలబడితే, పాతిన రాయి లెక్కనే.

పోయినేడు ఫైనల్‌లో, ఇంకో రెండడుగులైతే గెలుస్తరనంగా, తాడక్క ఉన్నట్టుండి నడుముకున్న తాడు ఊడదీసి, వదిలేసి, ఇంటి దిక్కు ఉరికింది. ముందున్న జట్టంతా ఒకరి మీద ఒకరు పడ్డరు. అందరికన్నా ముందున్న కెప్టెన్, పిండి గిర్ని నడిపే ఆమె, బోర్లాపడి ముందు పన్ను సగం పోగొట్టుకున్నది. బంగ్లాలోళ్లు గెలిచిండ్రు.

"గట్టిగ గుంజినప్పుడు..." అని తాడక్క ఆగింది.

"గట్లనే?"

"కాల్వలెక్క మేడం."

అక్కడితో ఐపోతే బాగుండు. అదే నెలల వాళ్లాయనకు మోకాలు అరిగిందని బాయి కింది నుంచి పైపనికి మార్చిండ్రు. ఇగ కాలనీకి లెక్క తేలిపోయింది. ఆఫీసర్లకు తాడు ఇడిసింది, మొగనికి పైపని తెచ్చుకున్నది. కూరగాయల అంగడిల ఆమె కనిపిస్తే, "సంచులు గట్టిగ పట్టుకోండ్రే, తాడిడిసినామె వస్తున్నది" అనేటోళ్లు. పిల్లల బడి దగ్గర అదే మాట. గిర్నికి పోతే కెప్టెన్ ఆమె గోధుమలు అందరి తర్వాత పట్టిచ్చి, సగం పన్నుతోని ఒక నవ్వు నవ్వేది.

"నిజం చెప్తె ఇజ్జత్ పోతది. చెప్పకపోతె పోనే పోయింది," అన్నది తాడక్క. "ఈసారి నేను మళ్ల తాడు పట్టాలె మేడం. చివరిదాంక పట్టాలె. గంతే నాకు కావాల్సింది."

పిల్లలూ, రోగి గమ్యం ముందే రాసుకోవాలని మీకు కాలేజీలో చెప్తరు. ఇంత సాఫుగా గమ్యం చెప్పిన రోగి నాకు మళ్లీ దొరకలే.

మొదలుపెట్టినం. పరుపు మీద పండుకోబెట్టి, మోకాళ్లు మడిచి, ఊపిరి వదులుతూ అడుగును పైకి తీసుకొమ్మన్న.

ఆమె కండ్లు మూసుకొని కాసేపు చేసింది. తర్వాత ఒక కన్ను తెరిచింది. "పండుకొని ఊపిరి ఇడుసుడు గూడ వైద్యమేనా మేడం? గట్లయితె మా ఆయన పెద్ద డాక్టరు."

తాడక్క ఒక్కతే వస్తే జనానికి అనుమానం. అందుకని "నడుం నొప్పి తరగతి" అని తలుపుకు అట్ట కట్టిన. ఖాలాను పక్కకు పిలిచి, ఇది అసలు దేనికో ఎవ్వరికీ చెప్పొద్దన్న. మర్నాడు గది నిండింది. అందరికీ నడుం నొప్పే. ఏ డాక్టరైనా వరండాల నుంచి పోతే అందరూ ఒక్కసారే చెయ్యి నడుం మీద వేసుకునేటోళ్లు. కొందరు కుడిచెయ్యి, కొందరు ఎడమచెయ్యి. గది మొత్తంల నిజంగా నడుం నొప్పి ఉన్నది నాకొక్కదానికే. కెప్టెన్ కూడా వచ్చింది. తాడక్కను చూసి మొహం తిప్పుకొని, గదికి ఆ మూల పరుపు వేసుకున్నది.

ఇండ్లల్ల కూడా చెయ్యాలని చెప్పిన. ఎప్పుడు చెయ్యాలె అని అడిగిండ్రు. అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. మీకు ఎప్పుడన్నా గొప్ప ఆలోచన వస్తే, ముందు ఒక కప్పు చాయ్ తాగండి. చాయ్ అయ్యేసరికి చాలావరకు పోతది.

బాయి ఊళ్లో గడియారం కన్నా సైరన్‌కు విలువ ఎక్కువ. షిఫ్టు మారే ప్రతిసారీ కూత వస్తది. దానికి అన్నం ఉడుకుతది, దానికి పిల్లలు లేస్తరు, దానికి కుక్కలు కూడా ఒళ్లు విరుస్తయి. అందుకని, "కూత వినపడంగనే బిగించండి" అన్న. మెల్లగ వదలండి అని కూడా అన్న. ఇప్పటికీ అన్ననే అంటాను. కానీ ఒక ఊరు ఏమి వింటదో దాన్ని ఆ ఊరే నిర్ణయించుకుంటది.

కొన్ని వారాలు గడిచినయి. తాడక్కకు మొదట్లో కొంత నయం కనిపించింది. తర్వాత ఆగిపోయింది. తర్వాత వెనక్కి నడిచింది. ఆమెకే కాదు, గది మొత్తానికి. ఒకామెకు ఒంటికి పోతే సగం వచ్చి ఆగుతున్నదట. ఒకామెకు మూడు రోజులకోసారి బాత్రూంల యుద్ధమే. తొడలు గుంజుతున్నయి, కోపం ముక్కు మీదనే ఉంటున్నది. అందరికీ నిజంగా నడుం నొప్పి మొదలైంది. తరగతి పేరుకు న్యాయం జరిగింది అనుకొని ఊరుకుందామనుకున్న కానీ మనసొప్పలే.

హైదరాబాద్‌లో నేర్పిన కాయితాలన్నీ తిరగేసిన. ఇన్నిరోజులు నేను నేర్పింది తప్పా, నాకు వాళ్లు నేర్పింది తప్పా అని పరేషాన్. తాడక్క మొహంలోకి చూడలేకపోయిన. ఆటల పోటీలు దగ్గరికి వస్తున్నయి.

మామూలుగా మా తరగతి పొద్దున ఉండేది. ఒకనాడు మీటింగు వల్ల ఆలస్యమై, మధ్యాహ్నం దాటినంక పెట్టిన. అందరూ పరుపుల మీద కూర్చొని, ఎవరి ఇంట్లో మిర్చి తొక్కు బూజు పట్టిందో మాట్లాడుకుంటున్నరు. ఖాలా గ్లాసుల్లో చాయ్ పోస్తున్నది. అప్పుడు కూత మోగింది.

మాటలు ఆగిపోయినయి. గది మొత్తం ఫొటో దిగుతున్నట్టు బిగుసుకున్నది. బుగ్గలు పొంగినయి, కండ్లు పెద్దగైనయి. ఖాలా చేతిలో కెటిల్ గ్లాసు మీద గాల్లోనే ఆగింది. నాకు భయమైంది.

"ఏమైంది?"

ఎవ్వరూ పలుకలే.

"అక్కా, ఏమైంది?"

తాడక్క పండ్ల సందులోంచి అన్నది: "కూతయింది మేడం."

"అయితే అయింది. బిగించిండ్రు కదా, ఇగ వదలండి."

ఆమె నా దిక్కు చూసిన చూపు ఎట్లున్నదంటే, ఇంత చిన్న సంగతి తెలియని మనిషి చేతికి ఒళ్లు అప్పజెప్పిన్నా అన్నట్టు. "రెండోది గాలే గద."

మీకు బాయి ఊరు తెలియకపోవచ్చు. మొదటి కూత ఇంట్లోంచి బయలుదేరమని. రెండో కూత బాయి మీద హాజరు పడమని. రెంటికీ మధ్య అరగంట. ఆ ఊళ్లో పుట్టిన ఏ పని అయినా మొదటి కూతకు మొదలై రెండో కూతకు ముగుస్తది. మధ్యలో ఆపుడు అనేది లేదు. కాబట్టి నా రోగులందరూ, షిఫ్టు షిఫ్టుకూ, అరగంట పాటు ఆ అడుగును బిగబట్టుకొనే తిరుగుతున్నరు. అన్నం వండుతూ, పిల్లలకు జడలు వేస్తూ, మొగనికి టిఫిన్ డబ్బా అందిస్తూ. ఒక్కరు కూడా అలసిపోయిన అనలే. ఒక్కరు కూడా ఇదేం వైద్యం అని అడగలే. ఇంత చెప్పినమాట వినే రోగులు దొరకడం నా అదృష్టం, నేను దొరకడం వాళ్ల దురదృష్టం.

తర్వాత విచారిస్తే ఇంకొన్ని తెలిసినయి. ఆ అరగంట ఆడోళ్లు ఎవ్వరూ మాట్లాడుతలేరు కాబట్టి మొగోళ్లు చానా ఖుషీగున్నరట. ఒకాయన, సైరన్లు రోజుకు ఇంకోటి పెంచొచ్చు కదా అని యూనియన్ నాయకుని దగ్గర మాట ఎత్తిండట.

"వదలండి," అన్న. "అందరూ. ఇప్పుడే."

వదల్లే. వదలడం మర్చిపోయిండ్రు. అప్పుడు నాకు తెలిసొచ్చింది, ఆ అగరుబత్తి అమ్మాయి సగం పాఠం బిగించుడు గురించి చెప్తే సగం పాఠం వదులుడు గురించి ఎందుకు చెప్పిందో. పిడికిలి ఎప్పుడూ మూసే ఉంచితే దానితోని ఏ వస్తువూ పట్టుకోలేం. కండరమూ అంతే. వదిలితేనే మళ్లీ పట్టగలదు.

అందరికన్నా మొండికేసింది తాడక్కనే.

"ఇడువనంటె ఇడువ మేడం. ఇడిసినందుకే గద నాకు గీ పేరు పడ్డది."

ఆ మూల నుంచి కెప్టెన్ మొదటిసారి ఆమె దిక్కు చూసింది. తాడక్క ఎప్పుడూ అంతమంది ఎదురుంగ ఆ సంగతి ఎత్తలే.

నేను ఆమె పక్కన పరుపు మీద కూర్చున్న. "అక్కా, తాడు గుంజేటప్పుడు ఒకటే గుంజుడు గుంజుతవా?"

"గట్లెట్ల గుంజుత? దమ్ము పోదా? ఒక గుంజు గుంజి, కాళ్లు సర్దుకొని, మళ్ల గుంజాలె."

"కాళ్లు సర్దుకునేటప్పుడు తాడు వదిలేస్తవా?"

"వదల. చేతులల్లనే ఉంటది. గుంజ, గంతే."

"ఇది కూడ గంతే."

ఆమె పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నది. తర్వాత కండ్లు మూసుకొని ఊపిరి పీల్చింది. భుజాలు కిందికి జారినయి, దవడ వదులైంది, పొట్ట మీద పెట్టిన చెయ్యి పైకి లేచింది. "అయ్యో," అన్నది. "అయ్యో, గింత హాయి ఉన్నదా మేడం గీండ్ల!"

ఆనాటి నుంచి మా లెక్క మారింది. కూత వినపడితే ఊపిరి వదులుతూ పైకి, పీలుస్తూ కిందికి, అట్ల కొన్నిసార్లు చేసి మర్చిపోవాలె. రెండో కూతతోని మనకు సంబంధం లేదు. అది మొగోళ్లది. అలవాటైనంక పరుపు మీది నుంచి లేపి, బంతి మీద కూర్చోబెట్టి, తర్వాత నిలబెట్టి, తర్వాత నీళ్ల బిందెలు ఎత్తించి చేయించిన. బరువు ఎత్తే క్షణాన "హుష్" అని ఊపిరి బయటికి. బిగబట్టొద్దు.

తరగతి చివర పరీక్ష పెట్టేది. పరీక్ష అంటే ఖాలా వాళ్లాయన గురించి చెప్పుడు. ఆయన ఒకసారి ఉట్నూర్ దిక్కు జీపుల పోతూ, పక్కసీటుల ముసుగేసుకున్న ఆమెను ఖాలానే అనుకొని దారి పొడుగునా తిట్టి, దిగినంక చూసి పరేషాన్ అయిండట. ఆమె మాత్రం, "మా ఆయన గూడ గిట్లనే తిడ్తడు, ఇంట్ల ఉన్నట్టె అనిపించింది" అన్నదట. గది గది నవ్వుడే. ఆగినోళ్లు పాస్. ఆగనోళ్లు బాత్రూం దిక్కు ఉరికేటోళ్లు. మొదట్లో తలుపు దగ్గర పెద్ద లైను. తర్వాత తర్వాత ఖాలాకు కథలు సరిపోకపోయేది. తాడక్క మాత్రం కొంగు అడ్డం పెట్టుకునే నవ్వేది. నోరు తెరిచి నవ్వితే ఏమైతదో అని ఇంకా గుబులు.

పోటీలకు జట్టు కట్టేటప్పుడు కెప్టెన్ సాఫుగా కాదన్నది. "ఇంకో పన్ను నాకు ఎక్స్‌ట్రా లేదు," అన్నది. నేను గిర్నికి పోయి, గోధుమలు లేకున్నా లైన్ల నిలబడ్డ. నా వంతు వచ్చింది.

"ఆమెను తీసుకో," అన్న.

"ఎందుకిడిసిందో చెప్పమను, తీసుకుంట."

"ఆమె చెప్పదు. నేను చెప్పొద్దు."

పిండి ధూళికి కెప్టెన్‌కు తుమ్ము వచ్చింది. తుమ్మే ముందు రెండు కాళ్లు దగ్గరికి జరిపి, ఒక చెయ్యితోని గిర్ని గోడ పట్టుకున్నది. తుమ్మి, నా దిక్కు చూసింది. నేను గోడ దిక్కు చూసిన. ఆమె మొహం మీది పిండి తుడుచుకున్నది.

"సరే," అన్నది. "గని మళ్ల ఇడిసిందనుకో మేడం, నీ గదిల ఉన్న బంతిని సూదితోని పొడుస్త."

ఆటల నాడు ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చిండు. ముఖ్య అతిథి ఆలస్యం కాకపోయి ఉంటే ఈ కథకు ఈ ముగింపు ఉండేది కాదు కనుక ఆయనకు నా దండాలు. ఫైనల్ మొదలయ్యేసరికి మధ్యాహ్నం షిఫ్టు టైం దగ్గరికి వచ్చింది. గ్రౌండ్ చుట్టూ జనం. మైకు పట్టుకున్న గుమాస్తా క్రికెట్ అనుకొని అరుస్తున్నడు. బంగ్లాల జట్టు ముందు పెద్దాఫీసర్ భార్య, టీషర్టు, బూట్లు. మా జట్టు ముందు సగం పన్ను కెప్టెన్. చివర, నడుముకు తాడు చుట్టుకొని తాడక్క. కొంగు దోపుకున్నది. మొహం పాలిపోయి ఉన్నది. జనంలోంచి ఎవడో "ఇడువకే అక్కో!" అని అరిచిండు. నవ్విండ్రు.

ఒక్క గుంజుడే ఫైనల్. విజిల్ పడ్డది. బంగ్లాలోళ్లకు నిజంగానే బలం ఉన్నది. మొదటి గుంజుకే మావాళ్లు రెండడుగులు జారిండ్రు. కెప్టెన్ కాళ్లు గీత దగ్గరికి వచ్చినయి. తాడక్క మడమలు మట్టిల దిగినయి. ఆమె బుగ్గలు పొంగుతున్నయి. బిగబడ్తున్నది. నేను కుర్చీలో కూర్చోలేకపోయిన. "ఊపిరి!" అని అరిచిన. ఎవరికి వినపడ్తది?

అప్పుడు కూత మోగింది.

మావాళ్లు ఆలోచించలే. అలవాటు. అందరూ ఒక్కసారే ఊపిరి వదిలిండ్రు. జట్టు మొత్తం ఒకే నోటితోని "హుష్‌ష్" అన్నట్టు వినపడ్డది. తాడు ఒక జానెడు మా దిక్కు వచ్చింది. పీల్చిండ్రు, కాళ్లు సర్దుకున్నరు. మళ్లీ "హుష్‌ష్". ఇంకో జానెడు.

బంగ్లాల దిక్కు చూసిన. నాకు నా కండ్ల మీద నమ్మకం కలగలే. పెద్దాఫీసర్ భార్య బుగ్గలు పొంగి ఉన్నయి. ఆమె వెనుక ఉన్నామెవి కూడా. వరుస మొత్తం, ఒకే రంగు టీషర్టులు, ఒకే తీరు పొంగిన బుగ్గలు, పెద్దవైన కండ్లు. బిగబట్టిండ్రు. రెండో కూత కోసం.

ఖాలా నా పక్కనే ఉన్నది. "ఖాలా," అన్న, "బంగ్లాలకు ఎవరు చెప్పిండ్రు?"

"మా చెల్లె ఆడనే వంట చేస్తది గద మేడం. నువ్వు ఎవ్వరికి చెప్పొద్దన్నవ్ గద, చెప్పిన."

"మరి తర్వాత మార్చింది చెప్పలేదా? మధ్యల వదలాలె అన్నది?"

ఖాలా నిజంగా నొచ్చుకున్నది. "గది చెప్పొద్దని నువ్వు అనలే గద. యాది మర్చిన."

ఊపిరి లేని మనిషి ఎంతసేపు గుంజుతది? మావాళ్లు హుష్ అన్నప్పుడల్లా బంగ్లాల జట్టు ఎర్రబడుకుంట, ముందుకు జారుకుంట వచ్చింది. చివరికి పెద్దాఫీసర్ భార్య ఊపిరి ఒక్కసారే వదిలింది. దానితో పాటు తాడు కూడా. జట్టు మొత్తం ముందుకు వచ్చి మా కెప్టెన్ మీద పడ్డది. కెప్టెన్ ఒక చేత్తోని నోరు మూసుకొని పండ్లు కాపాడుకున్నది.

గ్రౌండ్ గ్రౌండ్ నవ్వుడే. పడ్డోళ్లు కూడా నవ్వుతున్నరు. చివర, తాడు ఇంకా నడుముకు ఉండంగనే, తాడక్క నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకోలే, పెట్టుకుందామన్నా అది నడుముల దోపి ఉన్నది. నోరు తెరిచి, తల వెనక్కి వేసి, రెండు చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని నవ్వింది. గెలిచిన జట్టును చూస్తూ కప్పు గురించి కాక చీర కుచ్చిళ్ల గురించి దేవునికి మొక్కుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంట.

ఉన్నట్టుండి ఆమె నవ్వు ఆపింది. నిలబడి ఉన్నచోటనే ఒక క్షణం తనను తాను చూసుకున్నట్టు ఆగింది. తర్వాత గ్రౌండ్ ఈ కొస దాకా వినపడేటట్టు అరిచింది:

"మేడం! ఏం కాలే!"

మైకు గుమాస్తా ఉరికొచ్చిండు. "ఏం కాలే అక్కా? జర చెప్పు, జనం అడుగుతున్నరు!"

"ఏం కాలే అంటె ఏం కాలే!"

మొగోళ్లకు సమజ్ కాలే. ఆడోళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నరు. కెప్టెన్ లేచి, మట్టి దులుపుకొని, తాడు పొడుగునా నడుచుకుంట చివరిదాకా పోయింది.

"పోయినేడు... గదేనా?" అన్నది.

"గదే."

"ఓసి నీ..." అని కెప్టెన్ తిట్టబోయి, ఆమె నడుముకున్న తాడు ముడి తానే విప్పింది. "నాకు చెప్తె ఐపోవు గద. గిర్నిల తుమ్మొస్తె నాదీ గదే కత."

ఆ సాయంత్రం నుంచి పైపని మాట ఎవ్వరూ ఎత్తలే. తాడక్క గోధుమలు అందరి కన్నా ముందు పట్టిచ్చుడు మొదలైంది. ఆమె మొదట్లో వద్దన్నది. తర్వాత వద్దనలే.

పిల్లలూ, మీకు చెప్పాల్సింది చెప్పిన. బిగించుడు ఎవరైనా నేర్పుతరు. ఎప్పుడు వదలాలో కూడా చెప్పండి. చెప్పినంక, వాళ్లు ఏమి విన్నరో వాళ్లనే చెప్పమనండి. ముఖ్యమైన సంగతైతే ఎవ్వరికీ చెప్పొద్దని మీ ఆయమ్మకు గట్టిగా చెప్పండి.

మర్నాడు మా గది ముందు చెప్పుల స్టాండు సరిపోలే. అత్తలు, కోడండ్లు, పక్క కాలనీ వాళ్లు. ఏం బాధ అని అడిగితే అందరిదీ ఒకే మాట: "మాక్కూడ ఏం కావొద్దు మేడం." ఒక్కరు కూడా నడుం నొప్పి అనలే. అట్ట పీకేద్దామా అని ఖాలా అడిగింది.

అప్పుడు తెల్ల జీపు వచ్చి ఆగింది. పెద్దాఫీసర్ భార్య దిగింది, మోచేతికి పట్టీ. లైను పక్క నుంచి లోపలికి వచ్చి, మెల్లగ, చదువుకున్న తెలుగులో అన్నది:

"నాకు కొంచెం నడుము నొప్పిగా ఉంటోందండీ."

ఖాలా పరుపు దులుపుతూ తలెత్తింది. "ఎట్లున్నదమ్మా?"

ఆమె తలుపు వైపు చూసింది. కిటికీ వైపు చూసింది. తర్వాత నా చెవి దాకా వంగింది.

"గట్లనే," అన్నది.